పోశమ్మ దగ్గర ఆగే బండి

ఆ రోజు పొద్దున కొమురెల్లికి ఉన్న పని ఒక్కటే. కొత్తవాడ చేనేత సంఘం షెడ్డులో జంపఖానాల కట్టలు ఎక్కించుకోవాలి, స్టేషనులో పార్సిలు ఆఫీసు దగ్గర దింపాలి. దారి తెలిసిందే. కట్టలు తెలిసినవే. బండి మాత్రం కొత్తది.

అది బ్యాటరీ వ్యాను. ఎనభైల మొదట్లో సంగతి ఇది. పట్నంలో ఒక కంపెనీ వాళ్లు అలాంటి బండ్లు కొన్ని తయారు చేసి, నడిపి చూడమని అక్కడొకటి ఇక్కడొకటి ఇచ్చారు. వరంగల్లులో ఈ సంఘానికి వచ్చింది. డీజిలు లేదు, గేర్లు లేవు, పొగ లేదు. రాత్రి ప్లగ్గు పెడితే పగలు తిరుగుతుంది. చలికాలం పోయేదాకా సరిగ్గా నడిస్తే బండి సంఘానికే ఉంటుంది, కొమురెల్లి కొలువు పర్మినెంటు అవుతుంది. నడవకపోతే బండి పట్నం పోతుంది, కొమురెల్లి ఇంటికి పోతాడు. పాత డీజిలు వ్యాను అమ్మేసినప్పటి నుంచి అతను ఇంట్లోనే ఉన్నాడు. ఇంట్లో కూర్చున్న మొగుణ్ని మొగిలమ్మ ఎట్లా చూసుకుంటుందో వాడకట్టంతా విన్నది.

బండి ఇచ్చిపోయిన రోజు కంపెనీ ఇంజనీరు రాజేశ్వర్ రావు, సంఘం అధ్యక్షుడు సాంబమూర్తికి అంతా వివరించాడు. ఇంగ్లీషులో వివరించాడు. స్టీరింగు పక్కన ఒక తిప్పే బిళ్ల ఉంది. దానికి మూడు గీతలు. మొదటి గీత మీద ఉంటే యాక్సిలరేటరు మీద నుంచి కాలు తీసినా బండి మామూలు బండి లాగే జారుతూ పోతుంది. చివరి గీత మీద ఉంటే కాలు తీయగానే మోటారే బండిని పట్టి ఆపుతుంది. ఆ ఆపిన బలం కరెంటుగా మారి తిరిగి బ్యాటరీలోకి పోతుంది. ఊళ్లో తిరిగేటప్పుడు చివరి గీతే లాభమని చెప్పి, బిళ్లను అక్కడ పెట్టి ఆయన పోయాడు. సాంబమూర్తి ప్రతి మాటకూ "యస్, యస్" అన్నాడు. చుట్టూ నేతగాళ్లంతా నిలబడి చూస్తున్నారు మరి.

ఇంజనీరు పోయిన తరువాత కొమురెల్లి అడిగాడు.

"ఏం జెప్పిండన్నా గంతసేపు?"

"ఏం లేదు. ఆ బిళ్లను ముట్టకు."

కొమురెల్లి ముట్టలేదు.

ఆ పొద్దున మంచు బాగా కురిసింది. నాలుగడుగుల అవతల గోడ ఉందో మనిషి ఉందో తెలియడం లేదు. పక్క సీట్లో సంఘం గుమస్తా వెంకట్రాజం చెవులకు మఫ్లరు చుట్టుకొని కూర్చున్నాడు. బండి కదిలింది. చప్పుడు లేదు. చక్రం కింద ఇసుక నలిగిన చప్పుడే వినిపిస్తుంది. గల్లీ మలుపులో భాగ్యమ్మ అనే ముసలామె వాకిట్లో పేడ కలిపిన సాన్పి చల్లుతున్నది. వెనక్కి తిరిగే సరికి వీపును ఆనుకొని బండి నిలబడి ఉంది. చేతిలో ఉన్న చెంబు చెంబంతా అద్దం మీదికి పోయింది.

"ఓరి నీ బండి మీద మన్నువడ! గట్ల దయ్యం లెక్క అస్తివేందిరా!"

"హారను కొట్టిన పెద్దమ్మా."

"కొట్టినవు నీ మొకం! బండంటే ఇంత మొత్తుకుంట రావాలె. సప్పుడు లేనిది బండేందిరా, పీనుగ గాని!"

అద్దం తుడుచుకొని ముందుకు పోయారు. గల్లీ కుక్కలు మామూలుగా పాత వ్యాను వెంట పడి మొరిగేవి. ఆ రోజు మొరగలేదు. గోడ వారకు జరిగి నిలబడ్డాయి. బండి వైపు కూడా చూడలేదు, బండి వెనక ఏదో వస్తున్నట్టు అటు చూశాయి. వెంకట్రాజం మఫ్లరు ఇంకో చుట్టు చుట్టుకున్నాడు.

షెడ్డు నుంచి కొంచెం దూరం పోతే మూతపడిన పత్తి జిన్నింగు మిల్లు వస్తుంది. మిల్లు గోడ పక్కన పోశమ్మ గుడి. గుడి అంటే మనిషి వంగి చూడవలసినంత గది, లోపల పసుపు పూసిన రాయి, రెండు వెండి కళ్లు. గుడి వెనక పీనుగులను పూడ్చే బొందలగడ్డ. అక్కడ రోడ్డు కొంచెం ఎత్తెక్కుతుంది.

ఆ రోడ్డు మీద బండి నడిపే ప్రతి డ్రైవరుకూ ఒక అలవాటు ఉంది. పోశమ్మ ఎదురు రాగానే కాలు ఎత్తి, స్టీరింగు వదిలి, రెండు చేతులూ జోడిస్తారు. బండి ఆపరు. అది తన ఊపుతో తాను గుడి దాటి పోతుంది, ఆ లోపల దండం అయిపోతుంది. లారీ అయినా అంతే, జీపు అయినా అంతే. కొమురెల్లి కూడా అట్లాగే కాలు ఎత్తాడు. చేతులు జోడించాడు.

బండి కింద నుంచి ఒక మూలుగు మొదలైంది. సన్నగా మొదలై కిందికి దిగింది. ఆడమనిషి కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చినట్టు ఉంది. ఎవరో వెనక నుంచి నడుము పట్టి లాగినట్టు బండి మెత్తబడింది, మెత్తబడి మెత్తబడి, సరిగ్గా గుడి ముందు నిలబడి పోయింది. మూలుగూ ఆగింది. మంచులో రెండు వెండి కళ్లు వాళ్లనే చూస్తున్నాయి.

"ఎందుకాపినవ్?" అన్నాడు వెంకట్రాజం.

"నేనాపలే."

"మరెవరాపిండ్రు?"

కొమురెల్లి కళ్లతోనే గుడిని చూపించాడు. రెండు చేతులూ ఇంకా జోడించే ఉన్నాయి.

కాలు పెట్టి తొక్కితే బండి ఏమీ ఎరగనట్టు కదిలింది. పార్సిలు ఆఫీసులో కట్టలు దింపారు. వచ్చేటప్పుడు మళ్లీ పోశమ్మ, మళ్లీ దండం, మళ్లీ ఆ మూలుగు, మళ్లీ ఆగడం. మిగతా ఏ జాగాలోనూ ఆగలేదు. ఆగకపోవడం కాదు. మిగతా జాగాల్లో బర్రె అడ్డం వచ్చినా, మలుపు వచ్చినా, అతను కాలు తీయగానే బ్రేకు తొక్కుతాడు. ఆపింది తన బ్రేకే అనుకుంటాడు. కాలు తీసి ఊరికే కూర్చునేది ఒక్క పోశమ్మ ముందే.

షెడ్డుకు చేరగానే వెంకట్రాజం దిగి మంచినీళ్లు తాగాడు. తాగి చెప్పడం మొదలుపెట్టాడు. పొద్దెక్కే సరికి బండి ఆగింది. చాయ తాగేటప్పటికి బండిని ఒక చెయ్యి పట్టుకుంది. మధ్యాహ్నం అన్నాలప్పుడు ఆ చేతికి గాజులు వచ్చాయి.

సాంబమూర్తి నమ్మలేదు. "తాగిండ్రా ఇద్దరూ? నేనస్త పా" అని తెల్లవారి తానే ఎక్కాడు. మంచు అట్లాగే ఉంది. పోశమ్మ రాగానే కొమురెల్లి చేతులు జోడించాడు. పక్కన సాంబమూర్తి కూడా జోడించాడు. బండి మూలిగి ఆగింది.

"నువ్వే ఆపినవు," అన్నాడు సాంబమూర్తి.

"నా కాళ్లు సూడన్నా."

సాంబమూర్తి కిందికి చూశాడు. కొమురెల్లి రెండు కాళ్లూ సీటు మీద మఠం వేసుకొని ఉన్నాయి.

 ఇంజనీరు చెప్పిన దాంట్లో ఇది ఉండి ఉంటుందని సాంబమూర్తికి ఒక మూల అనుమానం వచ్చింది. కాని దేనికి దేనికి యస్ అన్నాడో ఆయనకు గుర్తు లేదు. ఫోను చేసి అడిగితే, ఆ రోజు ఏమీ తెలియలేదని తేలుతుంది. సంఘం ఎన్నికలు దగ్గర పడుతున్నాయి. అడగలేదు.

ఇక వాడకట్టులో మాట ఆగలేదు. ఆ మూలుగు ఎవరిదో భాగ్యమ్మ చెప్పింది. మిల్లు నడిచిన రోజుల్లో పత్తి ఏరే పిల్ల ఒకతె ఉండేదట. మిషన్లో కొంగు పడి పోయిందట. అప్పటి నుంచి చప్పుడు చేసే బండ్లను ముట్టదట, చప్పుడుకు బెదురుతుందట. చప్పుడు లేని బండి కోసం ఇన్నేళ్లు కాచుక కూర్చున్నదట.

"గా పిల్ల పేరేంది పెద్దమ్మా?" అని ఎవరో అడిగారు.

"పేరు నాకేం తెలుసురా, నేనేమన్న పెట్టిన్నా!"

మరునాటి నుంచి కట్టలు రాలేదు. నేతగాళ్లు తమ తమ జంపఖానాలను రిక్షాల మీద స్టేషనుకు పంపడం మొదలుపెట్టారు. పెండ్లివాళ్లు పరుచుకునే సరుకు దయ్యం ఎక్కిన బండిలో పోతే ఎవరు కొంటారు? కొమురెల్లి ఖాళీ బండి నడుపుతూ గల్లీ గల్లీ తిరిగాడు. తలుపులు మూసుకున్నాయి. చప్పుడు లేని బండి కనుక అది పోయిందో లేదో తెలియక, కొందరు మూసిన తలుపులు సాయంత్రం దాకా తెరవలేదు.

ఇంటికి పోతే మొగిలమ్మ అన్నం పెట్టి ఎదురుగా కూర్చుంది.

"గా పట్నపాయన అచ్చేటాల్లకు ఒక్క కట్ట గూడ ఎక్కకపాయె. నీ కొలువు గోవింద."

"నేనేం జేతునే? పట్టుకుంటాంది."

"ఎవలు?"

"నాకు గనవడుతదా?"

"కనవడనోల్లను సూసెటోల్లు అడగాలె. ఫికరు వడకు. కట్టమ్మను దోల్కపోదాం."

కట్టమ్మ ఆ వాడకట్టు శివసత్తు. అంటే అమ్మవారు ఒంటి మీదికి వచ్చి మాట్లాడే మనిషి. భర్త పోశయ్య మగ్గం నేస్తాడు. మామూలు రోజుల్లో ఆమె నూలు కండెలు చుడుతుంది, తక్కువ మాట్లాడుతుంది. సాయంత్రం పొద్దు వాలే వేళ ఆమెను ముందు సీట్లో కూర్చోబెట్టుకొని బయలుదేరారు. వెనక మొగిలమ్మ, వెంకట్రాజం. గుడి ముందు కొమురెల్లి చేతులు జోడించాడు. బండి మూలుగుతూ తగ్గుతుంటే కట్టమ్మ కూడా అదే రాగంతో మూలగడం మొదలుపెట్టింది. బండి మూలుగు ఆగిపోయింది. ఆమె మూలుగు ఆగలేదు. వెంకట్రాజం అదేదో బండిదే అనుకొని కిందికి వంగి చూశాడు.

"నేన్రా!" అన్నది కట్టమ్మ. గొంతు ఆమెది కాదు. "నేనే ఆపిన! అందరు దండం పెట్టవట్టిరి, పోవట్టిరి. ఒక్కడన్న ఆగిండార్రా నా ముంగట?"

"తప్పైంది తల్లీ, తప్పైంది," అని మొగిలమ్మ చెంపలు వేసుకుంది.

"గీ బండి మంచిగున్నది. మెత్తగ వోతాంది. నేను ఎక్కుత. గీ సీటు నాది."

అట్లా దయ్యం పోయి దేవత వచ్చింది.

మరునాటికి ముందు సీటుకు ఎర్ర చీర చుట్టారు. వేపమండలు కట్టారు. బండికి ముందూ వెనకా పసుపు పూశారు, స్టీరింగు వెనక ఉన్న మీటరు అద్దం మీద కూడా పూసి బొట్టు పెట్టారు. అది ఎండి గట్టిపడి ముల్లు ఎక్కడుందో తెలియకుండా పోయింది. ఆ సీట్లో ఎవరూ కూర్చోవద్దు. వెంకట్రాజం వెనక కూర్చొని ఆ ఖాళీ సీటునే చూసేవాడు. బండి గుడి ముందు ఆగేటప్పుడు చీర కుచ్చెళ్లు ముందుకు కదిలేవి, ఎవరో లేస్తున్నట్టు. బయలుదేరేటప్పుడు వెనక్కి సర్దుకునేవి, ఎవరో వచ్చి కూర్చున్నట్టు. నాలుగు రోజులు చూసి అతను ఆ బండి ఎక్కడం మానేశాడు. భయం కాదన్నాడు, అమ్మతో సమానంగా కూర్చోవద్దు కదా అన్నాడు.

ఆ ఏడు మేడారం జాతర లేదు. జనానికి మొక్కులు మిగిలి ఉన్నాయి. గుడి దగ్గర పొద్దున్నే గుంపు చేరేది. బండి మంచులో నుంచి చప్పుడు లేకుండా వచ్చేది, మూలిగేది, ఆగేది. ఒక్క గొంతు లేచేది కాదు. కొబ్బరికాయ కొట్టే మనిషి కూడా మెల్లగా కొట్టేవాడు. ఆ చప్పుడు లేని వేళ చూసినవాళ్లకు వెన్నులో చల్లగా అయ్యేది. అట్లా అయినవాళ్లు మరునాడు చుట్టాలను కూడా తీసుకొని వచ్చేవారు.

కొమురెల్లికి కొంచెం ధైర్యం వచ్చింది. సంఘానికి పోయి అడిగాడు.

"దయ్యం గాదు గదా అన్నా, అమ్మనే గదా. ఇగ కట్టలు ఎక్కియ్యుండ్రి."

నేతగాళ్లు నోరు తెరిచారు.

"నీకు దిమాకున్నదారా? జంపఖానాలంటే ఏంది? కాళ్ల కింద పరిసేటియి. కాళ్ల కింద పరిసేటియి అమ్మ బండ్లె పెడుతమా?"

సాంబమూర్తి తల పట్టుకున్నాడు. దయ్యమున్నప్పుడు భయంతో ఎక్కించలేదు, దేవతున్నప్పుడు భక్తితో ఎక్కించడం లేదు. బండి మాత్రం రోజూ రెండుసార్లు అమ్మను ఎక్కించుకొని స్టేషను దాకా పోయి, ఆమెను మళ్లీ తెచ్చి దింపుతున్నది. స్టేషనులో ఆమెకు ఏం పనో ఎవరూ అడగలేదు.

ఇక ఆదివారం బోనాలు పెట్టాలని నిర్ణయం అయింది. గుడికి రంగు బల్బుల దండలు కట్టారు. గుడిలో కరెంటు లేదు. దగ్గరలో కరెంటు ఉన్నది సంఘం షెడ్డులో. అక్కడ కూడా పనికొచ్చే ప్లగ్గు ఒక్కటే, బ్యాటరీ బండికి పెట్టేది. అక్కడి నుంచి మిల్లు గోడ వెంబడి తీగ లాగారు.

శనివారం మధ్యాహ్నం రాజేశ్వర్ రావు చెప్పకుండా దిగాడు. రైలు దిగి, రిక్షా మాట్లాడుకొని నేరుగా షెడ్డుకు వచ్చాడు. బండిని చూసి ముందు గుర్తుపట్టలేదు. గుర్తుపట్టిన తరువాత దాని చుట్టూ ఒకసారి తిరిగాడు.

"ఇదేంటి?" అన్నాడు చివరికి.

"బండి సారూ," అన్నాడు కొమురెల్లి.

"బండి నాకూ తెలుసయ్యా. ఈ చీరేంటి?"

"అమ్మది సారూ."

"ఎవరమ్మది?"

అందరూ కలిసి చెప్పారు. దయ్యం దగ్గర నుంచి బోనాల దాకా చెప్పారు. రాజేశ్వర్ రావు విని, సాంబమూర్తి వైపు తిరిగాడు.

"నేను మీకు అంతా ఎక్స్‌ప్లెయిన్ చేశాను కదండీ!"

"యస్, యస్," అన్నాడు సాంబమూర్తి.

అప్పుడు ఆయన మొదటిసారి తెలుగులో చెప్పాడు. బిళ్ల చూపించాడు, గీతలు చూపించాడు. కాలు తీస్తే మోటారే ఆపుతుందని, ఆ మూలుగు మోటారుదని, ఆగిన బలం కరెంటై లోపలికి పోతుందని చెప్పాడు. జనం శ్రద్ధగా విన్నారు. భాగ్యమ్మ తల ఊపింది.

"గంటే అమ్మ ఆపుడే గాదు, కరెంటు గూడ ఇస్తాందన్నట్టు."

రాజేశ్వర్ రావు టోపీ తీసి బల్ల మీద కొట్టాడు.

"సరే, వినండి. రోజూ రాత్రి కరెంటు కోతలున్నాయి మీకు. ఈ బ్యాటరీ ఇన్నాళ్లూ ఒక్కసారి కూడా పూర్తిగా నిండలేదు. నిండిన బ్యాటరీలోకి ఇంకో చుక్క కరెంటు పోదు. పోకపోతే మోటారు ఆపలేదు. ఇవాళ, రేపు కోత లేదు, వచ్చే ముందే కరెంటు ఆఫీసులో కనుక్కున్నాను. ఇప్పుడు ప్లగ్గు పెడతాను, రేపు పొద్దున దాకా ఎక్కుతుంది. పొద్దున నేనే నడుపుతా. మీ గుడి ముందు కాలు తీస్తా. బండి ఆగదు. దాటి పోతుంది."

"అయ్యా," అన్నది కట్టమ్మ మెల్లగా, "అమ్మకు పరీక్ష పెడుతానవా?"

"మోటారుకు పెడుతున్నానమ్మా."

"ఆగితే?" అన్నాడు సాంబమూర్తి.

"ఆగితే మీ బోనం నేనెత్తుకుంటాను. ఆగకపోతే రేపే బండి లారీ ఎక్కించి తీసుకుపోతా. సరుకు మోయమని ఇస్తే పూజ చేస్తారా? ఈ డ్రైవరు ఇంకే కంపెనీ బండీ ముట్టకుండా చూస్తా."

కొమురెల్లి గోడకు ఆనుకున్నాడు. ఆగకపోతే కొలువు పోతుంది. సారు చెప్పింది విన్నాడు, అతనికి కొంత అర్థమైంది. ఎంత అర్థమైతే అంత భయమైంది. ఆగదు.

రాజేశ్వర్ రావు తన చేతులతో ప్లగ్గు పెట్టాడు. ఛార్జింగు పెట్టెకు ఎర్ర దీపం వెలిగేదాకా చూసి, స్టేషను దగ్గర లాడ్జికి పోయాడు.

ఆదివారం పొద్దున మంచు అన్ని రోజులకంటే ఎక్కువగా ఉంది. ఇంజనీరు వచ్చే సరికి ప్లగ్గు అట్లాగే ఉంది, ఎర్ర దీపం వెలుగుతూనే ఉంది. మీటరు అద్దాన్ని గోటితో గీరి చూశాడు. పసుపు రాలేదు. "ఫరవాలేదు, ఫుల్లే" అన్నాడు. ఎర్ర చీరను మడిచి వెనక పడేసి కొమురెల్లిని ఆ సీట్లో కూర్చోమన్నాడు. కొమురెల్లి కూర్చోలేదు. వెనక ఇంజనీరు పడేసిన చీర పక్కన ఒదిగి కూర్చున్నాడు.

గుడి దగ్గర జనం రోడ్డుకు రెండు పక్కలా నిలబడ్డారు. నెత్తి మీద బోనాలు, బోనాల మీద దీపాలు. మంచులో మనుషులు కనిపించడం లేదు. దీపాలు మాత్రమే గాలిలో నిలబడి ఉన్నాయి. డప్పులవాళ్లు డప్పులు పట్టుకొని ఊరికే నిలబడ్డారు.

రాజేశ్వర్ రావు వేగం పెంచాడు. పోశమ్మ దగ్గరికి వచ్చింది. ఆయన కాలు తీశాడు. తీసిన సంగతి అందరికీ తెలియాలని రెండు చేతులూ స్టీరింగు మీద నుంచి ఎత్తి పైకి చూపించాడు. అవతల వాళ్లకు అది దండం లాగే కనిపించింది.

ఒక్క క్షణం బండి పోతూనే ఉంది. కొమురెల్లి కళ్లు మూసుకున్నాడు.

తరువాత కింద నుంచి మూలుగు లేచింది. ఎప్పటిలా సన్నగా లేచి, ఎప్పటిలా కిందికి దిగింది. బండి నడుము ఎవరో పట్టుకున్నారు. మెత్తబడింది, మెత్తబడింది, రెండు వెండి కళ్ల ముందు నిలబడి పోయింది.

రాజేశ్వర్ రావు తన కాళ్ల వైపు చూసుకున్నాడు. బండిని వెనక్కి తీశాడు, మళ్లీ వచ్చాడు, మళ్లీ కాలు తీశాడు. మళ్లీ ఆగింది. మూడోసారి ఆయన వెనక్కి తీయలేదు. చేతులు ఎత్తినవి ఎత్తినట్టే మెల్లగా దగ్గరికి వచ్చి దండమయ్యాయి.

ఆయన దిగాడు. బూట్లు విప్పి బండి పక్కన పెట్టి, మేజోళ్లతో తడి నేల మీద నడుచుకుంటూ గుడి దగ్గరికి పోయాడు. ఎవరో ఆయన నెత్తి మీద బోనం పెట్టారు. డప్పులు ఒక్కసారి లేచాయి.

మొగిలమ్మ బండి దగ్గరికి వచ్చి మొగుడి చెవిలో చెప్పింది.

"ఓ… సారు ఏమన్న అంటడా మల్ల? రాత్రి నేను గా ప్లగ్గు వీకి లైట్లకు వెట్టిన. అమ్మ సీకట్ల ఉంటదని. తెల్లారంగ మల్ల వెట్టిన తియ్."

కొమురెల్లి ఆమెను చూశాడు. ఇంజనీరు చెప్పింది ఇప్పుడు పూర్తిగా అర్థమైంది. బ్యాటరీ నిండలేదు. నిండలేదు కనుక ఆగింది. ఇన్ని రోజుల నుంచి ఒంట్లో ఉన్న వణుకు ఒక్కసారి దిగిపోయింది. అంత మందిలో భయం లేనివాడు అతనొక్కడే అయ్యాడు. అది కూడా కొంచెం భయంగానే ఉంది.

"సారుకు జెప్పి వస్త," అని అతను దిగబోయాడు.

మొగిలమ్మ మోచేయి పట్టుకొని గట్టిగా గిల్లింది.

"కూసో. కొలువు కావాల్నా, సారుకు సదువు జెప్పాల్నా?"

కొమురెల్లి కూర్చున్నాడు.

అవతల కట్టమ్మకు పూనకం వచ్చింది. జుట్టు విరబోసుకొని ఊగుతున్నది. రాజేశ్వర్ రావు నెత్తి మీద బోనంతో ఆమె ముందు నిలబడ్డాడు. మెడ కదిలిస్తే కుండ పడుతుందని కళ్లు మాత్రమే తిప్పుతున్నాడు.

"అమ్మా," అన్నాడు పట్నం గొంతుతో. "బండి తీసుకుపోవాలా? ఉంచాలా?"

"నా బండి ఎవడు తీస్కపోతడురా!"

"లేదు లేదు. ఉంచుతాను. మరి సరుకు ఎక్కించకపోతే కంపెనీ ఒప్పుకోదమ్మా."

కట్టమ్మ ఊగుతూనే గుంపు వైపు చూసింది. గుంపులో పోశయ్య ఉన్నాడు. రిక్షా దొరకక, ఇంట్లో అతని జంపఖానాలు దూలం దాకా పేరుకుపోయాయి. కండెలు చుట్టడానికి కూడా ఆమెకు జాగా లేదు.

"నా బిడ్డలు నేసింది నా బండ్లెనే పోవాలె!" అన్నది అమ్మ. "కాళ్ల కింద ఏస్తరో నెత్తి మీద ఏస్తరో నాకు జెప్పద్దు. రేపు పొద్దుగాల పోశయ్యయి ముందుగాల ఎక్కియ్యుండ్రి!"

"యస్, యస్," అన్నాడు సాంబమూర్తి.

బోనం దించిన తరువాత రాజేశ్వర్ రావు సాంబమూర్తిని పక్కకు పిలిచాడు. ముఖం పాలిపోయి ఉంది. బండి ఇక్కడే ఉంటుందన్నాడు. ఎవరూ ఏదీ విప్పి చూడవద్దన్నాడు, తాను కూడా చూడనన్నాడు. నడిపేది మాత్రం కొమురెల్లే కావాలి, ఇంకొకడి చేతికి ఇస్తే కంపెనీకి బాధ్యత లేదు. అతన్ని పర్మినెంటు చేస్తున్నట్టు సాంబమూర్తి అక్కడే, డప్పుల మధ్య, గట్టిగా అరిచి చెప్పాడు. మొగిలమ్మ దండం పెట్టింది. ఎవరికి పెట్టిందో స్పష్టంగా లేదు.

రాజేశ్వర్ రావు రైలు వేళకు బండి దగ్గరికి తిరిగి వచ్చాడు. బూట్లు లేవు. బండి కింద చూశారు, గుడి వెనక చూశారు, బొందలగడ్డ దాకా పోయి చూశారు. చివరికి ఆయన కట్టమ్మ దగ్గరికే పోయి చేతులు కట్టుకొని అడిగాడు. అప్పటికి ఆమె ఒంటి మీద నుంచి అమ్మ దిగిపోయి ఉంది.